నాలుగో చాంబర్‌లో ఆగిన బొమ్మ

దెయ్యాలు అర్ధరాత్రి పూటే వస్తాయని చెప్పినవాడు మా గుంటూరు జిల్లా మే నెల చూసి ఉండడు. నేను చూసింది పట్టపగలు. ఒంటిగంట దాటాక, బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తుండగా. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళతో వాదించే ఓపిక నాకు ఆ రోజే పోయింది.

నా పేరు జయకుమారి. 2008లో నేను కంప్యూటర్లు బాగుచేసే పని చేసేదాన్ని. స్క్రూడ్రైవర్లూ సీడీలూ ఉన్న సంచీ స్కూటీ ముందు పెట్టుకుని గుంటూరు నుంచి చిలకలూరిపేట దాకా ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళేదాన్ని. ఆడపిల్ల వచ్చి లాప్‌టాప్ ముందు కూచుంటే, "నువ్వేనా చేసేది? వెనకాల మీ అన్న ఎవరన్నా వస్తున్నాడా?" అని అడిగేవాళ్ళు. విని విని నాకో జబ్బు పట్టుకుంది. మగవాడు గంటలో చేసే పని నేను అరగంటలో చెయ్యాలి. చేసి, "అయిందండి" అని లేచి నిలబడాలి. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. అదో పిచ్చి తృప్తి.

ఆ కోల్డ్ స్టోరేజి హైవే పక్కన ఉంది. పేరు చెప్పను. మిరపకాయల బస్తాలు దాచే చాంబర్లు అయిదు, ఒక్కొక్కటి సినిమా హాలంత. జానెడు మందం తలుపులు, వాటికి బయట ఇనుప గడియలు. ముందున్న రేకుల షెడ్డులో డెబ్భై ఎనభై మంది ఆడవాళ్ళు వరసగా కూచుని కాయలకి తొడిమలు తీస్తుంటారు. ఘాటుకి ముక్కు, కళ్ళు ఎటూ కారుతూనే ఉంటాయి. సాయంత్రానికి చేతులు మండిపోతాయి. నీళ్ళలో పెడితే ఆ మంట ఇంకా రేగుతుంది. అందుకని చాంబర్ తలుపు తెరిచి ఉన్నప్పుడు ఒకరూ ఇద్దరూ చాటుగా లోపలికి పోయి, చల్లటి గోడకి అరచేతులు ఆనించి కాసేపు నిలబడి వచ్చేవాళ్ళు.

ఇది తెలిసినవాడు కాబట్టే హమాలీల మేస్త్రీ బుల్లయ్యకి ఒక పద్ధతి ఉండేది. తలుపు వేసేముందు చాంబర్ చివరిదాకా నడిచి, చేతిలో కొక్కెంతో ఇనుప స్తంభాన్ని మోగించి, "తలుపేస్తన్నా... లోపలెవరు?" అని మూడుసార్లు కేకేసేవాడు. మూడోసారి కూడా జవాబు రాకపోతేనే గడియ వేసేవాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ సంవత్సరం సంక్రాంతి వెళ్ళాక యజమాని నాలుగో చాంబర్‌లో వైర్‌లెస్ కెమెరా పెట్టించాడు, బస్తాలు పోతున్నాయని అనుమానం వచ్చి. ఆఫీసులో లాప్‌టాప్ ముందు కూచున్న మేనేజరు నాగేంద్రబాబుకి చాంబర్ మొత్తం తెర మీద కనపడేది. "ఇంకా ఆ కేకలేంది బుల్లయ్యా, అంతా ఇక్కడే కనపడుతుంటే? అరగంట దండగ," అన్నాడు. బుల్లయ్య కేకలు మానేశాడు.

సోమవారం ఉదయం నాగేంద్రబాబు దగ్గర్నుంచి ఫోను. వెళ్ళాను.

"అప్‌డేట్లు ఉన్నాయి, వేసుకోనా వేసుకోనా అని వారం రోజులుగా ప్రాణం తీస్తుంటే, పోన్లే పాపం అని ఎస్ కొట్టానమ్మా," అన్నాడు. "తెల్లారేసరికి ఇంటర్నెట్టూ లేదు, కెమెరా లేదు."

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ వేస్తే ఇది మామూలే. వైర్‌లెస్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటాం, పాతది తీసేసి తనకి తోచినది పెట్టేస్తుంది. కొత్త కోడలు వంటింట్లో డబ్బాలన్నీ సర్దేస్తే ఉప్పెక్కడుందో ఎవరికీ దొరకనట్టు. నేను కొత్త డ్రైవర్ తీసేశాను. సీడీలోంచి పాతది ఎక్కించాను. మూల ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వచ్చింది. కెమెరా బొమ్మ కూడా వచ్చేసింది. బస్తాల గుట్టలు, మధ్యలో దారి, పైన గుడ్డి దీపం. హమాలీలు భోజనాలకి పోయారు, లోపల ఎవరూ లేరు.

"ఏవమ్మా, నీవల్ల అవుద్దా? ఇంకెవర్నన్నా పిలవమంటావా?" అన్నాడు నాగేంద్రబాబు వెనకనుంచి.

"అయిందండి," అన్నాను. సంచీ సర్దుకుని వచ్చేశాను.

మంగళవారం పొద్దున మళ్ళీ ఫోను. "ఏం బాగుచేశావమ్మా? మళ్ళీ పోయింది. పెద్దాయన మెయిల్ పంపాడంట, రావట్లా."

నేను చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. గేటు దగ్గర ఎండలో ఒక ముసలామె కూచుని ఉంది. నన్ను చూసి లేచింది. సంచీ చూసి ఆఫీసు మనిషిననుకున్నట్టుంది.

"తల్లీ, లోపలికేనా? బాబుగారికి ఒక్క మాట చెప్పమ్మా. నన్ను రానియ్యట్లేదు. నా కూతురు షాజాదీ నిన్న పనికొచ్చింది. ఇంటికి రాలా."

ఆమె పేరు ఖాదర్‌బీ. షాజాదీకి పంతొమ్మిదేళ్ళు. నిన్న సాయంత్రం కూలి ఆటోలో మిగతావాళ్ళంతా ఊరికి వెళ్ళారు. షాజాదీ బస్సులో పోయిందేమో అని వాళ్ళనుకున్నారు. ఆటోలో వస్తుందని తల్లి అనుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని నాతో లోపలికి తీసుకెళ్ళాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఆఫీసులో బుల్లయ్య తలపాగా చేతిలో పెట్టుకుని నాగేంద్రబాబు ముందు నిలబడి ఉన్నాడు.

"ఒక్కసారి నాలుగో చాంబర్ తీసి చూద్దాం బాబూ. నిన్న మూసింది అదొక్కటేగా. నా మనసేం బాగాలేదు."

"తీస్తే చలంతా పోద్ది! మళ్ళీ డిగ్రీలు దిగాలంటే రేపటిదాకా పడుద్ది. సరుకు మెత్తబడితే పెద్దాయన నిన్నంటాడా, నన్నంటాడా?" నాగేంద్రబాబు మమ్మల్ని చూసి గొంతు ఇంకా పెంచాడు. "నిన్న అయిదున్నరకి కెమెరాలో చూసే గదా గడియ వెయ్యమంది! ఈగ లేదు లోపల. వయసులో ఉన్న పిల్ల, ఎవడితో పోయిందో ఏమో, మా మీద పడి ఏడిస్తే ఎట్టా?"

"నా బిడ్డ అట్టాంటిది కాదయ్యా," అంది ఖాదర్‌బీ. పోట్లాడినట్టు అనలేదు. మెల్లగానే అంది.

"సరే. ఇదిగో, ఈ అమ్మాయి వైర్‌లెస్ బాగుచేసిద్ది. నాలుగో చాంబర్ ఇక్కడే చూపిస్తా, అందరూ చూడండి. ఎవరన్నా ఉంటే అప్పుడే తలుపు తీద్దాం. కూచోమ్మా జయకుమారీ."

కూచున్నాను.

తెర మీద కెమెరా బొమ్మ ఉంది. బస్తాలు, దారి, గుడ్డి దీపం. ఎవరూ లేరు. వైర్‌లెస్ గుర్తు మీద ఎర్ర గీత. అది ఉన్నప్పుడు బొమ్మ ఎలా వస్తుంది? మూల తేదీ, టైము చూశాను. సోమవారం. పన్నెండూ నలభై ఏడు.

గోడ గడియారం చూశాను. ఒంటిగంటా అయిదు.

మళ్ళీ తెర చూశాను. పన్నెండూ నలభై ఏడు. అంకె కదలడం లేదు.

నిన్న నేను ఈ గదిలోంచి వెళ్ళింది పన్నెండూ యాభైకి. స్కూటీ ఎక్కుతూ వాచీ చూసుకున్నాను కాబట్టి నాకు బాగా తెలుసు. నేను స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుంటూ ఉండగానే, నా కళ్ళ ముందే, సిగ్నల్ పోయింది. ఆఖరి బొమ్మ తెర మీద అలాగే ఉండిపోయింది. సాయంత్రం అయిదున్నరకి నాగేంద్రబాబు చూసింది మధ్యాహ్నం భోజనాల వేళ బొమ్మ.

ఎందుకు పోయిందో కూడా నాకు వెంటనే తెలిసింది. వైర్‌లెస్ కార్డు సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ కార్డుని ఆపెయ్యొచ్చు అని. అప్‌డేట్ పడినప్పుడల్లా ఆ గడిలో దానంతటదే టిక్కు పడుతుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కార్డు నిద్రపోతుంది. ఆ టిక్కు తీసేసి, ఇంకొక్క నిమిషం కూచుని, బొమ్మలో సెకన్లు కదులుతున్నాయో లేదో చూసుకుని లేవాలి. మా పనిలో నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు. నేను లేచేశాను. "అయిందండి" అన్నాను.

అప్పుడు నేనేం చెయ్యాలి? కుర్చీ తన్ని లేచి, తలుపు తియ్యండి అని అరవాలి. మీరైతే అరిచేవాళ్ళు. నేను వెనక్కి తిరిగి చూశాను. నాగేంద్రబాబు నాకేసి చూస్తున్నాడు, ఈసారన్నా చేతనవుతుందా అన్నట్టు. నేను... తెర మీద ఆ కెమెరా బొమ్మ వచ్చే విండో మూసేశాను. టైము ఎవరి కంటా పడకుండా. తొందరగా బాగుచేస్తే బొమ్మ వస్తుంది, ఖాళీ చాంబర్ కనపడుతుంది, ఆ పిల్ల ఏ చుట్టాలింట్లోనో ఉంటుంది, అనుకున్నాను. ఇలాంటి బుద్ధికి చెప్పుతో కొట్టినా తక్కువే.

టిక్కు తీశాను. డ్రైవర్ మళ్ళీ ఎక్కించాను. లాప్‌టాప్ ఆపి, ఆన్ చేశాను. అది లేవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది. పక్కన చలియంత్రాల మోత ఒకటే. అమ్మోనియా వాసన. ఖాదర్‌బీ నా కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

పచ్చ గుర్తు వచ్చింది. కెమెరా విండో తెరిచాను.

మంగళవారం. ఒకటీ ఇరవై ఒకటి. సెకన్లు కదులుతున్నాయి... పన్నెండు, పదమూడు, పధ్నాలుగు.

బస్తాల మధ్య దారిలో ఒక ఆడమనిషి కూచుని ఉంది.

వీపు మనవైపు. తల మీద పచ్చ ఓణీ. ముందు మిరపకాయల కుప్ప. మెల్లగా చేతులు కదులుతున్నాయి. ఒక కాయ తీసుకోవడం, తొడిమ తుంచడం, పక్కన వెయ్యడం. ఇంకో కాయ...

"షాజాదీ!" ఖాదర్‌బీ అరిచింది. "నా బిడ్డే! బతికే ఉంది!"

ఏడ్చినంత పని చేశాను నేను. సంతోషంతో. బతికుంది. నన్నెవరూ ఏమీ అనరు. ముందు ఆ రెండో మాటే నా మనసులోకొచ్చింది, దాచడం ఎందుకు.

అందరం పరిగెత్తాం. బుల్లయ్య గడియ ఎత్తి, గోడకి కాలు తన్ని తలుపు లాగాడు. చలి మొహానికి తగిలింది. ఆ వెనకే గోనెల వాసన, మిరప ఘాటు. దగ్గు ఆగలేదు. ఒంటి మీద చెమట క్షణంలో చల్లబడిపోయింది.

దారి ఖాళీగా ఉంది.

మనిషి లేదు. కాయల కుప్ప లేదు. ఒక్క తొడిమ లేదు. సిమెంటు నేల ఊడ్చినట్టుంది.

"షాజాదీ... అమ్మా..."

ఖాదర్‌బీ పిలుస్తూనే ఉంది. బుల్లయ్య టార్చి వేశాడు. ఎడమవైపు బస్తాలు... కుడివైపు బస్తాలు... చివర గోడ. వెలుగు మెల్లగా పైకి పాకింది. కెమెరా ఉన్న మూల, పైకప్పు దగ్గర, బస్తాల గుట్ట మీద... పచ్చ ఓణీ అంచు.

బుల్లయ్య గుట్ట ఎక్కాడు. ఎక్కి, వంగి చూశాడు.

"రాత్రే పోయిందమ్మా," అన్నాడు పైనుంచి. "కట్టెలా అయిపోయింది."

హమాలీలు వచ్చి కిందికి దించారు. మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని ఉంది. ఎడమచెయ్యి చంకలో. కుడిచెయ్యి గుప్పిట బిగిసి ఉంది. అందులోంచి ఒక నల్ల వైరు వేలాడుతోంది.

కెమెరాకి కరెంటు ఇచ్చే వైరు అది. పైకి చూశాను. కెమెరా చిన్న దీపం ఆరిపోయి ఉంది.

ఆ పిల్ల ఏం ఆలోచించిందో నాకు అర్థమైంది. జానెడు మందం తలుపు. బయట యంత్రాల మోత. ఎంత కొట్టినా ఎవరికీ వినపడలేదు. ఆ గుడ్డి వెలుతురులో బస్తాలెక్కి, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆ వైరు పీకింది. బొమ్మ పోతే ఆఫీసులో వాళ్ళు చూస్తారు, ఏమైందోనని వస్తారు, అనుకుంది. నిన్న ఆ బొమ్మ పోతేనే గదా నన్ను పిలిపించారు! సరైన ఆలోచనే. ఆఫీసులో మాత్రం బొమ్మ పోలేదు. నేను ఆపి వెళ్ళిన బొమ్మ తెల్లవార్లూ తెర మీద చక్కగా ఉంది.

అంతవరకు అర్థమైంది. ఆ తర్వాతదే అర్థం కాలేదు. వైరు నిన్న రాత్రి నుంచి ఆ గుప్పిట్లో ఉంటే... ఇందాక నేను చూసిన బొమ్మ ఏ కెమెరాలోంచి వచ్చింది?

షాజాదీని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఖాదర్‌బీ ఏడవలేదు. కూతురి మొహం వైపు ఒకసారి చూసి, పోల్చుకోలేనట్టు తల తిప్పుకుంది. షెడ్డులో ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నాగేంద్రబాబు నా పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "పోలీసులొచ్చేలోగా పోయి ఆ లాప్‌టాప్ ఆపెయ్యమ్మా. నీకూ మంచిది, నాకూ మంచిది."

నేను ఆఫీసులోకి వెళ్ళాను.

తెర మీద ఆమె ఇంకా కూచునే ఉంది. ఒకటీ నలభై. సెకన్లు కదులుతున్నాయి. కాయ తీసుకోవడం, తొడిమ తుంచడం... చాంబర్ తలుపు బార్లా తెరిచి ఉంది, హమాలీలు లోపలా బయటా తిరుగుతున్నారు. వాళ్ళెవరూ ఆ బొమ్మలో లేరు.

వైర్‌లెస్ ఆపేశాను. ఎర్ర గీత వచ్చింది. బొమ్మ పోలేదు. సెకన్లు కూడా ఆగలేదు.

ప్లగ్గు పీకాను. బ్యాటరీ తీద్దామని వంగాను. నా వెనక ఎవరో ఊపిరి తీశారు.

"ఉండు," అంది ఖాదర్‌బీ. ఎప్పుడొచ్చిందో తెలియదు. "ఉండు తల్లీ... లేస్తోంది."

చూశాను. బొమ్మలో చేతులు ఆగాయి. ఓణీ సర్దుకుంది. లేచింది. వీపు మనవైపు ఉండగానే, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తలుపు ఉన్నవైపు నడిచి, తెర అంచు దాటిపోయింది. దారి ఖాళీ అయింది.

ధబ్...

బయటినుంచి. నాలుగో చాంబర్ వైపునుంచి.

ధబ్... ధబ్...

అరచేత్తో తలుపు బాదుతున్న చప్పుడు. లోపలినుంచి.

మేము వరండాలోకి వచ్చేసరికి హమాలీలు దూరంగా గోడకి అతుక్కుని నిలబడి ఉన్నారు. బుల్లయ్య తలుపుకేసి చూస్తున్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. అది కదలకుండా ఒక బస్తా అడ్డం పెట్టి ఉంది. ధబ్... ధబ్... ధబ్... చప్పుడు మాత్రం మూసిన తలుపు మీదనుంచి వచ్చినట్టే వస్తోంది.

"తీసే ఉందమ్మా..." అన్నాడు బుల్లయ్య గుసగుసగా. "తలుపు తీసే ఉంది. ఇంకేం తియ్యాలి?"

ఖాదర్‌బీ వరండాలో చాప వైపు చెయ్యి చూపించింది. "మీరు తీసింది దానికి. ఈ కొట్టేదానికి ఎవరూ తియ్యలా."

ఆ ముసలి ప్రాణానికి ఎక్కడినుంచి బలం వచ్చిందో, అడ్డం ఉన్న బస్తాని తోసేసింది. తలుపు మూసింది. గడియ వేసింది. లోపల చప్పుడు ఇంకా పెద్దదైంది. రెండు చేతులతో... తొందర తొందరగా... ఏడుస్తూ కొట్టినట్టు. ఆమె గడియ మీద చెయ్యి వేసి, "వస్తన్నానమ్మా," అని, ఎత్తి, తలుపు లాగింది.

చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. మేము అక్కడే నిలబడ్డాం. కాసేపటికి బయటికొచ్చింది. ఒక్కతే వచ్చింది. కానీ కుడిచెయ్యి కాస్త పక్కకి పెట్టి, చంటిపిల్లని నడిపించుకొస్తున్నట్టు గుప్పిట మూసి, అడుగులు చిన్నవి చేసుకుని వస్తోంది. గుప్పిట్లో ఏమీ లేదు. వేళ్ళ సందుల్లోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి, ఐసుగడ్డ పట్టుకున్న చేతిలోంచి కారినట్టు. చుక్క... చుక్క... సిమెంటు మీద.

నా ముందుకొచ్చి ఆగింది. నా ఎడమపక్కంతా చల్లగా అయిపోయింది. ఆమె తల కుడివైపు వంచి ఏదో విన్నది. తర్వాత నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"అడుగుతోంది," అంది.

"ఏ... ఏమని?"

"నిన్న ఇంకొక్క నిమిషం ఎందుకు కూచోలేదని."

నా జవాబు కోసం ఆమె ఆగలేదు. చాప మీద ఉన్న శవం వైపు చూడకుండా వరండా దాటి, నడి ఎండలో గేటు వైపు వెళ్ళిపోయింది, చెయ్యి అలాగే పక్కకి పెట్టుకుని. చుక్కలు గేటు దాకా పడ్డాయి. ఆ ఎండకి పడ్డవి పడ్డట్టే ఆరిపోవాలి. పోలీసులొచ్చేదాకా ఆరలేదు.

ఆ నిమిషం సంగతి అప్పటికి నేను ఎవ్వరికీ చెప్పలేదు.